ఎండల్లో నలుగురే మిగిలితే సామూహిక కూరగాయల తోటను ఏడాదంతా నడపడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: ఇరవై మంది కలిసి ఖాళీ స్థలంలో కూరగాయల తోట మొదలుపెట్టారు. 15 మడులు వేశారు. చల్లని నెలల్లో పంట బాగా వచ్చింది, జనమూ బాగా వచ్చారు. ఎండలు ముదిరేసరికి వచ్చేవాళ్లు నలుగురికి తగ్గారు. సగం మడులు ఎండిపోయాయి, మిగతా వాటిలో కలుపు నడుము ఎత్తు పెరిగింది. మిగిలినవాళ్లకు విసుగు, మానేసినవాళ్లకు మొహం చూపించడానికి ఇబ్బంది. జనాన్ని మళ్లీ ఎలా రప్పించాలి అన్నది మీ ప్రశ్న.

చాలా ఏళ్లుగా ఇలాంటి తోటల్లో పనిచేస్తున్నాను కాబట్టి నిర్మొహమాటంగా చెబుతాను. ముందు జనం సంగతి పక్కన పెట్టండి. ఉన్న నలుగురితో ఎంత తోట నడుస్తుందో లెక్క వేయండి. ఏ తోటకైనా ఏడాదిలో ఒక గడ్డుకాలం ఉంటుంది. ఒక చోట అది మండుటెండ, ఇంకో చోట నేల గడ్డకట్టే చలి, మరో చోట వారాల తరబడి వదలని ముసురు. జీతం లేకుండా ఇష్టంతో వచ్చేవాళ్లు ఆ కాలంలో తగ్గడం మామూలే. పిల్లల పరీక్షలు, ప్రయాణాలు, ఒంట్లో ఓపిక, అన్నీ ఉంటాయి. మంచి రోజుల్లో వచ్చిన జనాన్ని చూసి మడులు పెంచుకుంటూ పోతే ఆ భారమంతా ఏడాదికోసారి కొద్దిమంది నెత్తిన పడుతుంది. వాళ్లూ విసిగి మానేసిన రోజున తోట మూతపడుతుంది. నేను చూసినంతలో చీడపీడల వల్ల మూతపడిన తోటలు తక్కువ, మనుషులు అలసిపోయి మూతపడినవే ఎక్కువ.

నీళ్ల లెక్క ఒక్కటి చూస్తే విషయం తేలిపోతుంది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. మండుటెండల్లో బాగా ఎదిగిన కూరగాయ మొక్కలకు రోజుకు సుమారు 5 నుంచి 7 మిల్లీమీటర్లు కావాలి. మడి మామూలుగా 1.2 మీటర్ల వెడల్పు వేస్తాం, రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్యదాకా అందాలి కాబట్టి. పొడవు 8 మీటర్లు అనుకుంటే దాదాపు 10 చదరపు మీటర్లు. అంటే మడికి రోజుకు 50 నుంచి 70 లీటర్లు. మీ 15 మడులకూ కలిపి 750 నుంచి 1,050 లీటర్లు. పది లీటర్ల క్యాన్‌తో మోస్తే 75 నుంచి 105 క్యాన్లు. నలుగురూ ఒక్క రోజు కూడా మానకుండా వచ్చినా తలా 20, 25 క్యాన్లు మోయాలి. వారం తిరక్కుండానే నడుం పట్టేస్తుంది. అదే ఐదు మడులైతే 25 నుంచి 35 క్యాన్లు. ఇద్దరు మనుషులు పొద్దున్నే ఎండెక్కకముందు ముగించుకుని ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోవచ్చు. పైపో డ్రిప్పో ఉంటే మోత తప్పుతుంది, కానీ చూసుకునే మనిషి తప్పదు. డ్రిప్ రంధ్రాల్లో సున్నం పేరుకుంటుంది, ఎలుకలు పైపు కొరుకుతాయి, టైమర్ బ్యాటరీ అయిపోతుంది. రెండు రోజులు ఎవరూ చూడకపోతే మడి వాడిపోతుంది.

కాబట్టి ఎండాకాలానికి మీది ఐదు మడుల తోట. మిగతా పదీ ఓడిపోయినట్టు కాదు, వాటికి అది విశ్రాంతి కాలం. ఆ మాట ఎండలు రాకముందే అందరి ముందూ చెప్పేయాలి. ముందే అనుకుని మూసిన మడిని చూసి ఎవరూ బాధపడరు. ఎండిపోయిన మడిని చూస్తేనే జనానికి మనసు విరిగిపోతుంది.

ఆ ఐదింటికీ నీళ్ల దగ్గరున్న మడులే తీసుకోండి. నేల ఎంత మంచిదైనా నీటికి దూరంగా ఉన్న మడిని ఎండాకాలంలో నమ్మొద్దు. వేడికి తట్టుకునే బెండ, అలసంద, వంగ, తోటకూర, చిలగడదుంప, పందిరి మీద పాకే బీర, సొర లాంటివి పెట్టండి. టమాటా మీద ఆశ పెట్టుకోకండి. పగలు 35 డిగ్రీలు, రాత్రి 25 డిగ్రీలు దాటుతుంటే పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. ఎన్ని నీళ్లు పోసినా కాయ కట్టదు. పాలకూర, కొత్తిమీర, లెట్యూస్ వేడికి తొందరగా పూతకు వచ్చేసి చేదెక్కుతాయి. వీటి కోసం షేడ్‌నెట్లు కట్టి తంటాలు పడటం కన్నా చల్లబడేదాకా ఆగడం మంచిదని నా అభిప్రాయం. మొక్కల మధ్య ఖాళీ నేల కనపడకుండా ఎండుగడ్డి, ఎండుటాకులు 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరవండి. కాండానికి మాత్రం ఆనించొద్దు, అక్కడ కుళ్లు పడుతుంది. నీళ్లు పొద్దున్నే పెట్టండి. రోజూ పైపైన చిలకరించే బదులు వేళ్లదాకా దిగేలా ఒక మంచి తడి ఇచ్చి, పై నేల ఆరాక మళ్లీ ఇవ్వండి. అవసరమా కాదా అన్నది మొక్కను చూసి చెప్పలేం, ఎందుకంటే మిట్టమధ్యాహ్నం తడి ఉన్న మొక్క కూడా తల వాలుస్తుంది. పరిచిన గడ్డి పక్కకు జరిపి వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించండి. చల్లగా తగిలి మట్టి వేలికి అంటుకుంటే ఆ రోజుకు వదిలేయొచ్చు. కొత్తగా వచ్చినవాళ్లకు నేను మొట్టమొదట నేర్పేది ఇదే. తెలియనివాళ్లు ప్రేమ కొద్దీ ఎక్కువ నీళ్లు పోసి మొక్కల్ని చంపుతుంటారు.

మూసిన పది మడులను ఊరికే వదిలేస్తే కలుపు విత్తనాల గోదాములవుతాయి. వాటికి మూడు దారులున్నాయి. కిందటి పంటలో ఎండు తెగులు, నారుకుళ్లు వచ్చిన మడి ఉంటే దానికి సూర్యరశ్మి వైద్యం చేయండి. నేల చదును చేసి, అడుగు లోతు దాకా బాగా తడిపి, పలచటి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు నేలకు అంటేలా పరిచి, అంచులను మట్టిలో పూడ్చి 4 నుంచి 6 వారాలు కదపకుండా ఉంచాలి. పై పొర మట్టి 45 డిగ్రీలు దాటి వేడెక్కి చాలా రకాల తెగులు శిలీంధ్రాలు, కలుపు గింజలు చస్తాయి. 1976లో ఇజ్రాయెల్‌లో శాస్త్రవేత్త కటాన్ బృందం ఈ పద్ధతిని శాస్త్రీయంగా ప్రచురించింది. నల్ల షీటు వేస్తే ఆ వేడి షీటులోనే ఆగిపోతుంది, అందుకే పారదర్శకమైనదే వాడాలి. తుంగ గడ్డలు మాత్రం దీనికి లొంగవు, వాటిని తవ్వి ఏరాల్సిందే. రెండో దారి, అట్టపెట్టెలు టేపు పీకేసి పరిచి మీద గడ్డి వేయడం. మూడోది, ఒకటి రెండు తడులు ఇవ్వగలిగితే అలసంద గానీ జనుము గానీ ఒత్తుగా చల్లి, పూత మొదలయ్యే దశలో అంటే 40, 50 రోజులకు కోసి నేలలో కలిపేయడం. కలిపాక రెండు మూడు వారాలు చివకనివ్వాలి, ఆ తర్వాతే విత్తనం.

ఎండల్లో తోటపని పొద్దున ఒక గంటకు కుదించేయండి. పది దాటాక ఎవరినీ ఎండలో ఉండనివ్వకండి, పెద్దవాళ్లని అసలే వద్దు. పట్టుదలగా పనిచేసేవాళ్లకే వడదెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ.

వానలు మొదలయ్యాక కథ మారుతుంది. నీళ్ల మోత పోతుంది, కలుపు వస్తుంది. మొదటి వాన పడ్డాక వారం పది రోజుల్లో మొలిచే కలుపును చిన్నప్పుడే బొరిగెతో గీకేస్తే ఒక మనిషి ఒక పూటలో నాలుగైదు మడులు తేల్చేస్తారు. అదే మూడు వారాలు ఆగితే ఒక మడికే ఒక పూట పడుతుంది. అందుకే జనాన్ని పెద్ద ఎత్తున పిలవాల్సిన రోజులు ఏడాదిలో ఏవైనా ఉంటే అవి ఇవే. అయితే నేల బురదగా ఉన్నప్పుడు మడిలో కాలు పెట్టనివ్వకండి. తొక్కిన తడి మట్టి ఆరాక గట్టిపడి గాలి ఆడదు, వేరు దిగదు. గుప్పెడు మట్టి తీసి ముద్ద చేసి వేలితో పొడిస్తే పొడిపొడిగా విడిపోవాలి, అప్పుడు పదును కుదిరినట్టు. మడులు 15, 20 సెంటీమీటర్ల ఎత్తు లేపి, చుట్టూ నీరు పోయే కాలువ తీసి ఉంచే పని వానల ముందే అయిపోవాలి.

ఇంకో జాగ్రత్త: ఆకులు తడిగా ఉన్నప్పుడు చిక్కుడు, బీన్స్ జోలికి వెళ్లొద్దు. తడి చేతుల మీదుగా తెగులు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పాకుతుంది. టమాటా మొక్కలకు కర్రలు కట్టి, నేలకు తగిలే కింది ఆకులు తీసేయండి. డ్రమ్ముల్లో నీళ్లు నిలవ ఉంటే వారానికోసారి ఖాళీ చేయండి, లేదా సన్నని వల బిగించండి. తోట వల్ల దోమలు పెరిగాయన్న మాట ఒక్కసారి చుట్టుపక్కలవాళ్ల నోట వచ్చిందంటే ఆ మాటను పోగొట్టడం చాలా కష్టం. వాన వల్ల బయట పని కుదరని రోజున రేకు కిందో వరండాలోనో కూర్చుని చేసే పనులు ముందే దాచి ఉంచుకోండి. నారు ట్రేలు నింపడం, పనిముట్లకు పదును పెట్టి నూనె రాయడం, విత్తనాలు ఏరి పొట్లాలు కట్టడం లాంటివి. వచ్చినవాళ్లు పని లేదని తిరిగి వెళ్లిపోతే మరుసటి వారం రారు.

చల్లని నెలలు మీకు తేలికగానే గడిచాయన్నారు. కానీ వేసవిలో వచ్చిన టెన్షన్‌కు బీజం ఆ నెలల్లోనే పడిందని నాకు అనిపిస్తోంది. అన్ని మడుల్లో ఒకేసారి విత్తుతారు, అన్నీ ఒకేసారి కాపుకొస్తాయి. రెండు వారాలు ఎవరి సంచీ చాలదు, ఆ తర్వాత నెల రోజులు ఏమీ ఉండదు. కోయడానికి ఏమీ లేని తోటకు రమ్మంటే ఎంత మంచివాళ్లకైనా కాళ్లు కదలవు. అందుకే విడతలుగా విత్తండి. ముల్లంగి 30 నుంచి 40 రోజుల పంట, పది రోజులకు ఒక వరస చొప్పున వేయండి. కొత్తిమీర, పాలకూర రెండు వారాలకోసారి. బీన్స్ మూడు వారాల తేడాతో రెండు మూడు విడతలు. క్యారెట్, బీట్‌రూట్ లాంటివి నేలలో కొన్నాళ్లు ఆగుతాయి కాబట్టి అవి మధ్యలో వచ్చే వెలితిని పూడుస్తాయి. ప్రతి శనివారమో ఆదివారమో, మీరు కలిసే రోజున, ఏదో ఒకటి కోసి చేతిలో పెట్టగలిగేలా పంటల క్యాలెండర్ రాయండి. వచ్చిన మనిషి గుప్పెడు ఆకుకూరతోనైనా ఇంటికి వెళ్లాలి. కొత్తవాళ్లను చేర్చుకోవడానికి కూడా ఇదే సమయం. మండుటెండలో చేరిన మనిషికి తోట అంటే నీళ్ల మోతే అనిపిస్తుంది.

కోత విషయంలో ఒక్క బెండ మడిని దగ్గరగా చూడండి, సామూహిక తోటల కష్టమంతా అక్కడ కనిపిస్తుంది. బెండ కాయ పువ్వు రాలిన నాలుగైదు రోజులకే కోతకొస్తుంది. కొస పట్టుకుని వంచితే టక్కున విరగాలి. మరో రెండు రోజులు ఆగితే వంగుతుంది గానీ విరగదు, లోపల పీచు కట్టేసినట్టే. ముదిరిన కాయ ఒకటి మొక్క మీద ఉంటే మొక్క బలమంతా ఆ గింజల మీదికి వెళ్లి కొత్త పూత తగ్గిపోతుంది. అంటే రోజు విడిచి రోజు కోయాలి. ఆకుల నూగు దురద పెడుతుంది కాబట్టి పొడుగు చేతుల చొక్కా కావాలి, ముచ్చిక చీరుకుపోకుండా చిన్న కత్తెర కావాలి. ఇది వారానికోసారి కలిసే గుంపు చేసే పని కాదు. ఒక మడికి ఇద్దరు మనుషులు, వాళ్లకు దగ్గర్లో ఇల్లు, కోసిన కాయ వాళ్లే తీసుకెళ్లొచ్చన్న అనుమతి, ఈ మూడూ ఉంటేనే బెండ పెట్టండి. లేకపోతే ఆ మడిలో చిలగడదుంప పెట్టుకోండి. అది నాలుగు నెలలు తన పని తాను చేసుకుపోతుంది, తవ్వే రోజున అందరూ కలిసి రావచ్చు. ఏ పంట ఎన్నిసార్లు మనిషిని పిలుస్తుందో చూసుకుని మడులు పంచితే సగం గొడవలు రావు.

పంపకం గురించి కూడా రాతపూర్వకంగా ఒక మాట అనుకోండి. ఇంగ్లండ్‌లోని టాడ్‌మర్డెన్ అనే పట్టణంలో 2008లో మొదలైన ఇన్‌క్రెడిబుల్ ఎడిబుల్ అనే ఉద్యమంలో వాలంటీర్లు బహిరంగ స్థలాల్లో కూరగాయలు పెంచి, దారిన పోయే ఎవరైనా కోసుకోవచ్చన్నారు. పని చేసినవాళ్లకే పంట అనే తోటలూ ఉన్నాయి. ఏదైనా నడుస్తుంది, అందరికీ ముందే తెలిసి ఉంటే చాలు. నా వరకు కలిసిన రోజున కోసినదంతా ఒక బల్ల మీద పోసి, వచ్చినవాళ్లు సమానంగా తీసుకుని, మిగిలింది అవసరమున్న ఇళ్లకు పంపడం బాగా నప్పింది. గంటలు లెక్కపెట్టి కిలోలు పంచే పద్ధతి నాకు నచ్చదు. ఓపిక లేని పెద్దావిడ గంటసేపు కూర్చుని విత్తనాలు ఏరితే దాన్ని ఏ తూకంలో వేస్తాం?

ఇక వంతులు. ఉమ్మడి వనరులను జనం ఎలా కాపాడుకుంటారో పరిశోధించి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ గమనించిన విషయాలు ఇక్కడ అచ్చంగా పనికొస్తాయి. కాలువలు, అడవులు, చేపల రేవులు కలిసి వాడుకునే గుంపుల్లో ఎక్కువ కాలం నిలిచినవాటికి ఎవరు సభ్యులో స్పష్టంగా తెలుసు, నియమాలు వాడుకునేవాళ్లే రాసుకున్నారు, తప్పితే వేసే శిక్ష చిన్నదానితో మొదలయ్యేది. మీ తోటకు అన్వయిస్తే: వంతుల పట్టిక ఒకరు రాసి గ్రూపులో పెట్టేది కాకూడదు, అందరూ కూర్చుని ఎవరికి ఏ పొద్దు వీలవుతుందో వాళ్లే చెప్పాలి. ఒక్కో వంతుకు ఇద్దరిని వేయండి. ఒకరు రాలేకపోయినా మడి తడుస్తుంది, ఇద్దరూ వస్తే మాట్లాడుకుంటూ పని ఇట్టే అయిపోతుంది. వంతు తప్పినవాళ్లకు ఒక ఫోను చాలు, "అంతా బాగేనా?" అని. గ్రూపులో అందరి ముందూ అడగొద్దు. సెలవు తీసుకోవడం కూడా నియమంగానే ఉండాలి. "ఈ రెండు నెలలు నేను రాలేను, వానలు పడ్డాక వస్తాను" అని చెప్పి వెళ్లే వీలుంటే మనిషి తిరిగొస్తాడు. చెప్పకుండా మానేసినవాళ్లు సిగ్గుపడి శాశ్వతంగా మానేస్తారు. మీ దగ్గర ఇప్పుడు జరిగింది అదేనని నా అనుమానం.

గేటు దగ్గర ఒక నల్లబల్ల పెట్టండి. "3వ మడి తడిపాను. వంగ ఆకుల కింద పేనుబంక ఉంది, నీళ్లతో కడిగాను, ఎల్లుండి చూడండి" అని పొద్దున వచ్చినవాళ్లు రాస్తే సాయంత్రం వచ్చేవాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఫోన్ గ్రూపులో ఈ సంగతులు శుభోదయాల కింద కూరుకుపోతాయి. తాళంచెవి కనీసం ముగ్గురి దగ్గర ఉండాలి.

కంపోస్టు అన్ని కాలాల్లోనూ సాగే పని కాబట్టి దాన్ని ఒకరిద్దరికి అప్పగించేయండి. కుప్ప కనీసం ఘనమీటరు ఉంటేనే వేడెక్కుతుంది. పచ్చి చెత్త ఒక వంతుకు ఎండుటాకులు రెండు మూడు వంతులు వేస్తే చాలు. గుప్పిట్లో పట్టి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారితే ఎండుటాకులు కలపాలి. లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుడితే కలుపు గింజలు చస్తాయి. పచ్చి పశువుల పేడను మాత్రం నేరుగా ఆకుకూరల మడుల్లో వేయొద్దు. అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం తినే భాగం నేలకు తగిలే పంటల్లో పచ్చి పేడకూ కోతకూ మధ్య 120 రోజులు ఉండాలి. పిల్లలు పచ్చివే కోసుకుని తినే చోట ఆ జాగ్రత్త తప్పనిసరి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. నడుము ఎత్తు కలుపు గింజ కట్టకముందే కొడవలితో నేల మట్టానికి కోసి అక్కడే పరిచేయండి, వేళ్లు పీకే శ్రమ ఇప్పుడొద్దు. గింజ కట్టేసినవి ఉంటే విడిగా మోసి బయట పడేయండి. నీటికి దగ్గరి ఐదు మడులు ఎంచుకుని మిగతా వాటిని అట్టలతో కప్పండి. మానేసిన పదహారు మందికీ ఒక్కొక్కరికి విడిగా ఫోను చేసి, పది మడులకు వానలదాకా సెలవు ఇచ్చామని, ఫలానా వారం మళ్లీ తెరుస్తామని చెప్పండి, ఎందుకు రాలేదని అడగొద్దు. వానలు పడ్డాక మడులను రెండేసి చొప్పున తెరవండి. వంతులో ఇద్దరు మనుషులు పేరు రాసుకున్న మడికే విత్తనం పడాలి. పేర్లు లేని మడి అట్ట కిందే ఉండనివ్వండి.